నంబరు దొరకనంత మాత్రాన నకిలీ కాదు

* జీఎస్టీ, వ్యాట్ సంఖ్యల తనిఖీలో వ్యాపారులకు చిక్కులు
* లోపం ఎక్కడుందో తేల్చుకుంటే పరిష్కారం సులువు

సరుకు లారీకి ఎక్కుతుంది. బిల్లు మాత్రం కంప్యూటరు నుంచి బయటకు రాదు. కొనుగోలుదారు సంస్థ పన్ను నమోదు సంఖ్యను నింపగానే 'వివరాలు లభ్యం కాలేదు' అన్న సందేశం తెరపై ప్రత్యక్షమవుతుంది. ఇటువంటి సందర్భాల్లో కొందరు వ్యాపారులు ఎదుటి సంస్థ బోగస్‌దని నిర్ణయించుకుని బేరం వదులుకుంటున్నారు. మరికొందరు తనిఖీని పక్కనపెట్టి, తోచిన వివరాలు నింపి బిల్లు ఇచ్చేస్తున్నారు. రెండూ నష్టదాయకమే. కంప్యూటరు 'లేదు' అన్నప్పుడు ఏది లేదో తెలుసుకోవడం ముఖ్యం. సంఖ్యలోనే తప్పు ఉండవచ్చు. ప్రభుత్వ రికార్డులో మార్పు జరిగి ఉండవచ్చు. ఈ రెంటినీ కలిపే దారి తెగి ఉండవచ్చు. మూడింటికీ పరిష్కారాలు వేర్వేరు.

నష్టం ఎంత?

ఇనుప సామాను వ్యాపారి ఒకరు రూ.2 లక్షల సరుకు కొన్నారనుకుందాం. 18 శాతం చొప్పున రూ.36 వేలు పన్ను చెల్లించాలి. ఆ మొత్తాన్ని తన అమ్మకాలపై కట్టవలసిన పన్నులో మినహాయించుకునే హక్కు ఆయనకు ఉంది. దీనినే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అంటారు. అయితే అమ్మకందారు తన జీఎస్టీఆర్-1 రిటర్నులో ఆ బిల్లును చూపించి, అది కొనుగోలుదారు జీఎస్టీఆర్-2బి పట్టికలో ప్రతిఫలిస్తేనే క్రెడిట్ దక్కుతుందన్న నిబంధన 2022 జనవరి 1 నుంచి అమలులో ఉంది. తొందరలో అదే సంస్థకు చెందిన మరో రాష్ట్రపు సంఖ్య వేస్తే బిల్లు అక్కడి శాఖ ఖాతాకు చేరుతుంది. సంఖ్యే లేకుండా ఇస్తే నమోదు లేని వినియోగదారుకు చేసిన అమ్మకంగా మిగిలిపోతుంది. ఎలా చూసినా కొనుగోలుదారు చేతికి రావలసిన రూ.36 వేలు ఆగిపోతాయి. చిన్న దుకాణానికి అది ఒక నెల లాభంతో సమానం కావచ్చు.

వ్యాట్ నుంచి జీఎస్టీ దాకా

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఏప్రిల్ 1 నుంచి విలువ ఆధారిత పన్ను, అంటే వ్యాట్ అమలులోకి వచ్చింది. వ్యాపారులకు 11 అంకెల టిన్ సంఖ్యలు ఇచ్చారు. అవి 28తో మొదలయ్యేవి. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగాక తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37 సంకేతాలు వచ్చాయి. 2017 జులై 1న జీఎస్టీ రావడంతో టిన్ స్థానంలో 15 అక్షరాల జీఎస్టీఐఎన్ వచ్చింది.

పాత లెక్కల పుస్తకాల నుంచి, పాత సాఫ్ట్‌వేర్ నుంచి ఖాతాదారుల వివరాలను యథాతథంగా కొత్తదానిలోకి ఎక్కించినచోట 11 అంకెల సంఖ్యలు ఇంకా అలాగే ఉండిపోయాయి. వాటిని జీఎస్టీ వ్యవస్థలో ఎంత వెతికినా దొరకవు. కాబట్టి ముందుగా అక్షరాలను లెక్కపెట్టాలి. మొత్తం 11 అంకెలే ఉంటే అది జీఎస్టీ సంఖ్య కాదని గ్రహించాలి.

అంతమాత్రాన వ్యాట్ పూర్తిగా కనుమరుగైందనుకోరాదు. పెట్రోలు, డీజిలు, ముడిచమురు, సహజవాయువు, విమాన ఇంధనం, తాగే మద్యం జీఎస్టీ పరిధిలోకి రాలేదు. వీటిపై రాష్ట్రాలు ఇప్పటికీ వ్యాట్ వసూలు చేస్తున్నాయి. పెట్రోలు బంకు యజమాని ఇచ్చే వ్యాట్ టిన్‌ను రాష్ట్ర పన్నుల శాఖ వద్దే సరిచూసుకోవాలి. అదే బంకులో ఇంజిన్ ఆయిల్ కూడా అమ్ముతుంటే దానికి జీఎస్టీ సంఖ్య వేరుగా ఉండవచ్చు. ఏ సరుకు బిల్లుకు ఏ సంఖ్యో అడిగి రాసుకోవాలి.

మొదట చేయవలసిన పరీక్ష

లోపం ఎక్కడుందో తేల్చడానికి మూడు మెట్ల పరీక్ష చాలు. ఇందుకు సాంకేతిక పరిజ్ఞానం అక్కరలేదు.

మొదటి మెట్టు: సాఫ్ట్‌వేర్‌లో మన సొంత జీఎస్టీ సంఖ్యను వెతకాలి. అది సరైనదని మనకు తెలుసు. అదీ దొరకకపోతే లోపం ఎదుటి సంస్థలో లేదు, దారిలో ఉంది.

రెండో మెట్టు: మన సంఖ్య దొరికి, ఎదుటివారిది దొరకకపోతే జీఎస్టీ అధికారిక వెబ్‌సైట్‌లో 'సెర్చ్ ట్యాక్స్‌పేయర్' విభాగం తెరవాలి. లాగిన్ అవసరం లేదు. అక్కడ జీఎస్టీఐఎన్ నింపి, బొమ్మలో కనిపించే అక్షరాలు టైపు చేస్తే వివరాలు వస్తాయి. ఇక్కడ దొరికి సాఫ్ట్‌వేర్‌లో దొరకకపోతే, సాఫ్ట్‌వేర్ చూస్తున్న జాబితా పాతదై ఉండాలి, లేదా అందులో రాష్ట్ర సంకేతాల పట్టిక సరిగా లేకుండా ఉండాలి.

మూడో మెట్టు: అధికారిక వెబ్‌సైట్‌లోనూ దొరకకపోతే అదే విభాగంలో పాన్ సంఖ్యతో వెతకాలి. ఆ పాన్‌పై ఏయే రాష్ట్రాల్లో ఏయే జీఎస్టీ సంఖ్యలు ఉన్నాయో జాబితా వస్తుంది. మనకు ఇచ్చిన సంఖ్యతో దానిని పోల్చి చూస్తే ఏ అక్షరం తప్పిందో చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది.

పదిహేను అక్షరాల్లో ఏముంది?

జీఎస్టీ సంఖ్యలోని ప్రతి స్థానానికీ ఒక నియమం ఉంది. మొదటి రెండు అంకెలు రాష్ట్ర సంకేతం. 3 నుంచి 12 వరకు ఉన్న పది అక్షరాలు సంస్థ పాన్ సంఖ్య. 13వది ఆ రాష్ట్రంలో అదే పాన్‌పై తీసుకున్న నమోదుల్లో ఇది ఎన్నోదో చెబుతుంది. 14వ స్థానంలో సాధారణ వ్యాపారులకు 'జడ్' అక్షరం ఉంటుంది. 15వది తనిఖీ అక్షరం.

పాన్‌లో తొలి ఐదూ అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. దీన్ని బట్టి జీఎస్టీ సంఖ్యలో 3 నుంచి 7 వరకు అంకెలు రాకూడదు. 8 నుంచి 11 వరకు అక్షరాలు రాకూడదు. ఈ ఒక్క నియమం గుర్తుంటే సగం తప్పులు పట్టుకోవచ్చు. చేతిరాతలోనూ, ఫోనులో తీసిన బిల్లు ఫొటోలోనూ సున్నాకూ 'ఓ' అక్షరానికీ, ఒకటికీ 'ఐ' అక్షరానికీ, అయిదుకూ 'ఎస్' అక్షరానికీ, ఎనిమిదికీ 'బి' అక్షరానికీ తేడా తెలియదు. అయిదో స్థానంలో గుండ్రంగా కనిపించేది 'ఓ' మాత్రమే. తొమ్మిదో స్థానంలో కనిపించేది సున్నా మాత్రమే. 14వ స్థానంలో రెండులా కనిపిస్తే అది 'జడ్' అని అనుమానించాలి.

పాన్‌లోని నాలుగో అక్షరం, అంటే జీఎస్టీ సంఖ్యలోని ఆరో అక్షరం, సంస్థ స్వరూపాన్ని తెలుపుతుంది. కంపెనీ అయితే 'సి', భాగస్వామ్య సంస్థ అయితే 'ఎఫ్', వ్యక్తి అయితే 'పి', హిందూ అవిభక్త కుటుంబమైతే 'హెచ్', ట్రస్టు అయితే 'టి' ఉంటుంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీనని చెప్పుకొనేవారి సంఖ్యలో ఆరో స్థానాన 'పి' కనిపిస్తే ఒక ప్రశ్న అడగడంలో తప్పులేదు.

కనిపించని తప్పు మరొకటి ఉంది. వాట్సాప్ నుంచి, పీడీఎఫ్ నుంచి సంఖ్యను కాపీ చేసినప్పుడు ముందో వెనుకో ఒక ఖాళీ స్థలం కూడా వచ్చి చేరుతుంది. కంటికి 15 అక్షరాలే కనిపించినా కంప్యూటరుకు అవి 16. అనుమానం వస్తే కాపీ చేయడం మాని ఒక్కొక్క అక్షరం టైపు చేయాలి.

చివరి అక్షరమే కాపలా

15వ అక్షరం ఎవరో తోచినట్టు ఇచ్చింది కాదు. ముందున్న 14 అక్షరాల నుంచి లెక్కగట్టి రాబట్టింది. అంకెలకు వాటి విలువే ఉంటుంది. 'ఎ' అక్షరానికి 10, 'బి'కి 11, అలా 'జడ్'కు 35 వరకు విలువలు ఇస్తారు. ఎడమ నుంచి వరుసగా ఒకదానిని 1తో, తర్వాతి దానిని 2తో హెచ్చవేస్తారు. వచ్చిన ప్రతి లబ్ధాన్నీ 36తో భాగించి, భాగఫలాన్నీ శేషాన్నీ కలుపుతారు. ఉదాహరణకు 14వ స్థానంలోని 'జడ్' విలువ 35. దానిని 2తో హెచ్చవేస్తే 70. 36తో భాగిస్తే భాగఫలం 1, శేషం 34. రెండూ కలిపితే 35. ఇలా పద్నాలుగింటినీ కూడి, మొత్తాన్ని 36తో భాగించగా మిగిలిన శేషాన్ని 36 నుంచి తీసివేస్తే తనిఖీ అక్షరం విలువ వస్తుంది. శేషం మిగలకపోతే ఆ అక్షరం సున్నా.

సాఫ్ట్‌వేర్ ఈ లెక్కను ఇంటర్నెట్ లేకుండానే చేసుకోగలదు. సంఖ్య నింపిన మరుక్షణమే 'చెల్లని సంఖ్య' అని వస్తే అది తరచూ ఈ లెక్క తప్పినందువల్లే. అంటే టైపు చేయడంలో పొరపాటు జరిగిందని అర్థం. కొంత సమయం తిరిగి తిరిగి 'వివరాలు లభ్యం కాలేదు' అని వస్తే సంగతి వేరు. లెక్క సరిపోయింది, ప్రశ్న సర్వరు దాకా వెళ్లింది, అక్కడో దారిలోనో ఆగింది. ఈ రెండు సందేశాల తేడా గమనించడం అవసరం. లెక్క సరిపోయినంత మాత్రాన అటువంటి సంస్థ ఉన్నట్టు కాదన్నదీ మరువరాదు.

రాష్ట్ర సంకేతాల తకరారు

తెలుగు రాష్ట్రాల వ్యాపారులకు ఎదురయ్యే ప్రత్యేక సమస్య ఇది. పాత పట్టికలతో నడిచే కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఆంధ్రప్రదేశ్ అంటే ఇంకా 28. సంఖ్య 37తో మొదలైతే 'రాష్ట్రం సరిపోలలేదు' అని తిప్పికొడతాయి. జీఎస్టీ పట్టికలో 28ని విభజనకు ముందున్న ఆంధ్రప్రదేశ్‌గా చూపుతారు. ఖాతాదారు వివరాల్లో రాష్ట్రాన్ని 37గా మార్చి చూడాలి. అటువంటి అవకాశం లేకపోతే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేయించుకోవాలి. 2019 అక్టోబరు 31న కేంద్రపాలిత ప్రాంతమైన లద్దాఖ్‌కు 38 సంకేతం వచ్చింది. పాత పట్టికలకు అదీ తెలియదు.

ఇది సంఖ్య దొరకడంతో ముగిసే వ్యవహారం కాదు. జగ్గయ్యపేట వ్యాపారి కోదాడ దుకాణానికి సరుకు అమ్మితే దూరం తక్కువే అయినా అది రాష్ట్రం దాటిన అమ్మకం. ఐజీఎస్టీ వేయాలి. అదే విజయవాడకు అమ్మితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ సగం సగం వేయాలి. రాష్ట్ర సంకేతం తప్పితే పన్ను రకమే మారిపోతుంది.

దారిలో అవాంతరాలు

సొంత సంఖ్య కూడా దొరకని పక్షంలో దారిని పరిశీలించాలి. ఇంటర్నెట్ పనిచేస్తోందా అన్నది మొదటి ప్రశ్న. కంప్యూటరులో తేదీ, సమయం సరిగా ఉన్నాయా అన్నది రెండోది. బ్యాటరీ పాడై తేదీ వెనక్కు పోయిన యంత్రాలను భద్రతా కారణాల వల్ల ప్రభుత్వ సర్వర్లు అనుమతించవు. యాంటీ వైరస్ సాఫ్ట్‌వేర్ అడ్డుపడడమూ ఉంది.

మరో విషయం చాలామందికి తెలియదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సాధారణంగా నేరుగా జీఎస్టీ వెబ్‌సైట్‌లో వెతకదు. అధీకృత జీఎస్టీ సువిధ ప్రొవైడర్ల ద్వారా సమాచారం తెచ్చుకుంటుంది. వాటి సేవలకు కొన్ని సాఫ్ట్‌వేర్లలో చందా ఉంటుంది. రోజుకు ఇన్ని వెతుకులాటలని పరిమితి కూడా ఉండవచ్చు. చందా గడువు ముగిసినా, పరిమితి దాటినా వచ్చే సందేశం అస్పష్టంగానే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ విక్రేతను ముందుగా ఈ విషయం అడగాలి.

రద్దీ మరో కారణం. నెలవారీ జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, జీఎస్టీఆర్-3బి గడువు 20వ తేదీ. మూడు నెలలకొకసారి రిటర్ను వేసే చిన్న వ్యాపారులకు తెలుగు రాష్ట్రాల్లో 3బి గడువు 22. ఈ తేదీల సమీపంలో సర్వర్లు నెమ్మదిస్తే ఉదయం పూటో రాత్రి పూటో ప్రయత్నించడం మేలు.

ఈ-ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు వ్యవస్థలు వ్యాపారుల జాబితా నకలును తమ వద్ద ఉంచుకుంటాయి. కొత్తగా నమోదైన సంస్థ, రద్దయి తిరిగి పునరుద్ధరణ పొందిన సంస్థ వివరాలు ఆ నకలులోకి వెంటనే చేరకపోవచ్చు. జీఎస్టీ వెబ్‌సైట్‌లో 'యాక్టివ్' అని ఉన్నా ఇక్కడ 'లేదు' అని వస్తుంది. జీఎస్టీ పోర్టల్ నుంచి తాజా వివరాలు తెప్పించుకునే సదుపాయం ఆ వ్యవస్థల్లోనే ఉంది. దానిని వాడాలి. వార్షిక టర్నోవరు రూ.5 కోట్లు దాటిన వ్యాపారులకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి కావడంతో ఈ చిక్కు మధ్యతరగతి వ్యాపారుల దాకా వచ్చింది. బిల్లు రాకపోతే కొనుగోలుదారును 'నమోదు లేనివారు'గా చూపి పని కానివ్వడం పరిష్కారం కాదు. క్రెడిట్ పోయేది అక్కడే.

సంఖ్య దొరికినా చూడవలసినవి

వివరాలు కనిపించగానే ఊపిరి పీల్చుకోరాదు. నాలుగు అంశాలు చదవాలి. చట్టబద్ధమైన పేరు, దుకాణం పేరు మన చేతిలోని బిల్లుతో సరిపోవాలి. స్థితి 'యాక్టివ్' అని ఉండాలి. 'సస్పెండెడ్' అంటే నమోదు తాత్కాలికంగా నిలిచిందని, 'క్యాన్సిల్డ్' అంటే రద్దయిందని అర్థం. రిటర్నులు వేయకపోవడం, బ్యాంకు ఖాతా వివరాలు గడువులోగా ఇవ్వకపోవడం వంటి కారణాలతోనూ నమోదు నిలిచిపోతుంది. అది మోసమే కానక్కరలేదు. రద్దు ఉత్తర్వు అందిన 90 రోజుల్లోగా పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోవచ్చు.

రద్దు అమలులోకి వచ్చిన తేదీని తప్పక చూడాలి. అధికారులు వెనుకటి తేదీ నుంచి నమోదును రద్దు చేసే అధికారం చట్టంలో ఉంది. బిల్లు తేదీ ఆ తర్వాతదైతే క్రెడిట్ వివాదంలో పడుతుంది. నాలుగోది, పన్ను చెల్లింపుదారు రకం. 'కాంపోజిషన్' వ్యాపారి బిల్లుపై పన్ను వసూలు చేయకూడదు. అటువంటి వ్యాపారి పన్ను వేసి బిల్లు ఇస్తే దానిపై క్రెడిట్ రాదు. చివరి రిటర్ను ఎప్పుడు వేశారో కూడా అక్కడే కనిపిస్తుంది.

ఐరోపాకు ఎగుమతి చేసేవారికి

గుంటూరు మిర్చి, చీమకుర్తి గ్రానైటు ఎగుమతిదారులు, ఇంటి వద్ద నుంచే విదేశీ సంస్థలకు సాఫ్ట్‌వేర్ పనులు చేసిపెట్టే యువకులు ఐరోపా కొనుగోలుదారుల వ్యాట్ సంఖ్యలను తనిఖీ చేసుకోవడం ఆనవాయితీ. ఐరోపా సమాఖ్యలో జీఎస్టీ లేదు, వ్యాట్ ఉంది. అక్కడి సంఖ్యల తనిఖీకి యూరోపియన్ కమిషన్ వీఐఈఎస్ అనే వ్యవస్థను నడుపుతోంది. ఇందులో సొంత జాబితా ఏదీ ఉండదు. మనం అడిగిన ప్రశ్నను సంబంధిత దేశపు రికార్డుకు పంపి జవాబు తెచ్చి ఇస్తుంది. ఆ దేశపు సర్వరు ఆగిపోతే 'సభ్యదేశ సేవ అందుబాటులో లేదు' అని వస్తుంది. దాని అర్థం సంఖ్య తప్పు అని కాదు, మళ్లీ ప్రయత్నించమని.

సంఖ్యకు ముందు రెండక్షరాల దేశ సంకేతం ఉంటుంది. జర్మనీకి 'డీఈ', తర్వాత 9 అంకెలు. ఇటలీకి 'ఐటీ', తర్వాత 11 అంకెలు. గ్రీసుకు అందరూ అనుకునే 'జీఆర్' కాక 'ఈఎల్' వాడాలి. బ్రిటన్ సమాఖ్య నుంచి వైదొలగడంతో 'జీబీ' సంఖ్యలు 2021 జనవరి 1 నుంచి ఇందులో దొరకవు. వాటిని బ్రిటన్ పన్నుల శాఖ వెబ్‌సైట్‌లో చూడాలి. ఉత్తర ఐర్లండ్‌కు మాత్రం 'ఎక్స్ఐ' సంకేతంతో ఇక్కడే చూడవచ్చు. స్విట్జర్లాండ్, నార్వే సమాఖ్య సభ్యదేశాలు కావు కాబట్టి వాటి సంఖ్యలు ఇందులో ఉండవు. బెల్జియం సంఖ్యల్లో చాలావాటికి మొదట సున్నా ఉంటుంది. ఎక్సెల్ పట్టికలో అంకెలు మాత్రమే నింపితే ఆ సున్నా ఎగిరిపోతుంది.

మరో మెలిక ఉంది. స్పెయిన్ వంటి దేశాల్లో దేశీయ వ్యాపారానికి ఉన్న పన్ను సంఖ్య, సమాఖ్యలోని ఇతర దేశాలతో వ్యాపారానికి విడిగా నమోదు చేసుకుంటే తప్ప వీఐఈఎస్‌లో కనిపించదు. జర్మనీ సంఖ్య సరైనదైనా పేరు, చిరునామా చూపకుండా 'చెల్లుతుంది' అని మాత్రమే జవాబు వస్తుంది. పేరు ఖాళీగా ఉన్నంత మాత్రాన సంస్థను శంకించనక్కరలేదు. కొనుగోలుదారును నమోదు పత్రం నకలు అడగడం మర్యాదే.

పొరపాటు జరిగిపోతే

తప్పు సంఖ్యతో ఈ-ఇన్‌వాయిస్ వెళ్లిపోతే 24 గంటల్లోగా రద్దు చేసి కొత్తది ఇవ్వవచ్చు. ఆ గడువు దాటితే, లేదా రిటర్నులో చేరిపోతే, తర్వాతి నెలల జీఎస్టీఆర్-1లో సవరణ చూపాలి. ఇందుకు ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 వరకు, లేదా వార్షిక రిటర్ను వేసేవరకు, ఏది ముందైతే అంతవరకు గడువు ఉంటుంది. కొనుగోలుదారు సైతం ప్రతి నెలా తన 2బి పట్టికను కొనుగోలు బిల్లులతో సరిచూసుకుంటే లోపం నెలలోనే బయటపడుతుంది. ఏడాది చివర ఆడిటరు చెప్పేదాకా ఆగితే అమ్మకందారు దొరకడమే కష్టం కావచ్చు.

తనిఖీ చేసిన ప్రతిసారీ తేదీ కనిపించేలా తెర ఫొటో తీసి బిల్లుతో పాటు భద్రపరచుకోవాలి. రేపు ఎదుటి సంస్థ నమోదు రద్దయినా, బేరం నాటికి అది సజీవంగా ఉందని చూపడానికి అది పనికొస్తుంది. పోర్టల్ సమస్యలపై జీఎస్టీ సహాయ కేంద్రాన్ని 1800-103-4786 నంబరులో సంప్రదించవచ్చు. ఏ తెరపై, ఏ సమయంలో, ఏ సందేశం వచ్చిందో ముందే రాసిపెట్టుకుంటే జవాబు త్వరగా దొరుకుతుంది.